చీర మీద పరిచిన కాలం

నా చిన్నప్పుడు సూరత్‌లో మగ్గాలు ఆగిపోవడం రెండుసార్లు చూశాను. మొదటిసారి రోగం వచ్చి ఊరు ఊరంతా ఒక్కపెట్టున ఆగింది. మేం ఉండే ఉధ్నా గల్లీలో పగలూ రాత్రీ గోడలు అదిరేంత చప్పుడుండేది. అది ఆగిపోయాక మా అమ్మకు నిద్ర పట్టేది కాదు. "చెవులల్ల ఏందో ఖాళీ ఖాళీగున్నది" అనేది. మరుసటి ఏడు ఎండాకాలంలో రోగం మళ్లీ విరుచుకుపడినప్పుడు మాత్రం కొన్ని కార్ఖానాలు మూతపడ్డాయి, కొన్ని నడిచాయి. నడిచిన కార్ఖానాలో మా నాన్న ఉన్నాడు. ఆయన్ను నేను బాపు అని పిలిచేదాన్ని. నేను చెప్పబోయేది ఆ రెండో ఎండాకాలం సంగతి.

ముందే ఒక మాట చెప్పాలి. మా ఇంట్లో నాకు నోటి దురుసు మనిషినని పేరు. పిల్లల ముందు ఏది పడితే అది చెప్పేస్తానని మా కోడలికి నా మీద లోలోపల గుర్రు. ఉంటే ఉండనీ. నేను చెప్తాను. ఎందుకు చెప్తానో అర్థం కావాలంటే మాత్రం ఆ ఎండాకాలం గురించి కాస్త ఓపికగా వినాలి.

మాది తెలంగాణ నుంచి బతుకుదెరువుకు సూరత్ వచ్చిన నేత కుటుంబం. మూడంతస్తుల బిల్డింగులో పై అంతస్తున ఒక అద్దె గది మాది. పక్క గదిలో ఉండేవాళ్లూ మా దిక్కు వాళ్లే. వాళ్ల పెద్దమ్మాయే మా పక్కింటి అక్క. మా గల్లీ నుంచి బరోడా వెళ్లి, హాస్టల్లో ఉండి చదువుకున్న మొదటి ఆడపిల్ల. చదివేది భూగర్భశాస్త్రం. అదేమిటో గల్లీలో ఎవరికీ తెలియదు. రాళ్ల చదువు అని అక్క ఒకసారి విడమరిచి చెప్పింది. సూరత్ జనానికి రాళ్లంటే వజ్రాలే కదా, ఇంకేముంది, ఈ పిల్ల చదువు అయిపోగానే వజ్రాల దుకాణంలో కూర్చుంటుందని అందరూ ఖాయం చేసేశారు. కాదని చెప్పీ చెప్పీ విసిగిపోయి అక్క ఊరుకుంది. రోగం వల్ల హాస్టల్ మూసేసరికి పుస్తకాలు వెంటబెట్టుకుని ఇంటికి వచ్చేసింది.

బాపుకు ముందు జ్వరం వచ్చింది, తర్వాత దగ్గు. దగ్గు తగ్గకపోయేసరికి, పల్సానాలో బట్టలకు రంగులేసే మిల్లులో పనిచేసే మా మేనమామ వచ్చి ఆటోలో దవాఖానకు తీసుకుపోయాడు. ఆటో ఎక్కేముందు బాపు నా వైపు తిరిగి చేయి ఊపాడు. దగ్గరికి రాలేదు, నన్నూ రానివ్వలేదు. కనీసం తల మీద చేయి అయినా పెట్టలేదని నేను మూతి ముడుచుకుని లోపలికి వెళ్లిపోయాను. ఆటో వెళ్లడం చూడలేదు.

కొన్నాళ్లకు మామ ఒక్కడే తిరిగొచ్చాడు. గడప అవతలే నిలబడ్డాడు. అమ్మ బయటికి వెళ్లి తలుపు దగ్గరికి వేసింది. చాలాసేపటికి లోపలికి వచ్చి, ముఖం కడుక్కుని, పొయ్యి వెలిగించి, బియ్యం కడగడానికి కూర్చుంది. మామ నన్ను పిలిచి, "బాపుకు జర నయమైంది బిడ్డా. దవాఖాన నుంచి సీదా ఊరికి తోలిచ్చిన. నాయినమ్మ కాడ ఉండి, మంచిగ తిని, తేరుకున్నంక వస్తడు" అన్నాడు. బాపు ఫోను కూడా నా చేతిలో పెట్టాడు. పాఠాలు వినమని నాకోసం పంపించాడట. ఎనిమిదేళ్ల పిల్లను, ఎందుకు నమ్మను?

బాపు అప్పటికే చనిపోయాడు. దహనం కూడా అయిపోయింది. మామ దూరంగా నిలబడి చూశాడు, అమ్మ అదైనా చూడలేదు. ఇవన్నీ నాకు తర్వాత తెలిసిన సంగతులు.

ఒక్క మామ చెప్పిన అబద్ధం మెల్లగా గల్లీ అంతటిదీ అయిపోయింది. కిరాణా కొట్టాయన దగ్గర నుంచి కింది అంతస్తు ఒడియా ఆంటీ దాకా అందరూ నన్ను చూడగానే, "ఆ, వస్తాడు వస్తాడు" అనేవారు. నేను ఊరికి ఫోన్ చేస్తే నాయినమ్మ ఎత్తి, "ఇప్పుడే పండుకున్నడు బిడ్డా, లేపద్దన్నరు" అని పెట్టేసేది. కన్నకొడుకు పోయిన ముసలిది. ఆ మాట అనడానికి ఆమె గొంతు ఎట్లా పెగిలిందో నాకు ఈనాటికీ అంతు చిక్కదు. అమ్మ బొట్టు తీయలేదు, గాజులు తీయలేదు. పదో రోజు జరగాల్సినవేవీ జరగలేదు. రైళ్లు ఎక్కి వచ్చే చుట్టాలు ఎటూ లేరు. ఉన్నదల్లా నేను. నాకు తెలిసిపోకూడదు. అందుకని అమ్మ పొద్దున లేచి బొట్టు పెట్టుకుని చీరలకు రాళ్లు అంటించడానికి కూర్చునేది. మెరిసే చిన్న చిన్న రాళ్లను జిగురుతో చీర అంచుకు అంటించే పని అది, మా గల్లీ ఆడవాళ్లంతా ఇంట్లోనే చేసేవారు. తల ఎత్తకుండా చేసే పని కాబట్టి ఆమె ముఖం నాకు కనిపించేది కాదు.

నాకూ ఒక పని ఉండేది. బాపు పని నుంచి వచ్చేసరికి జుట్టు నిండా, చెవుల నిండా దారపు నూగు ఉండేది. వచ్చీ రాగానే స్నానం చేయందే మంచినీళ్లు కూడా ముట్టేవాడు కాదు. ఆ బకెట్టు నింపి పెట్టడం నా వంతు. ఆయన ఊరి నుంచి ఏ పూటైనా దిగొచ్చని నేను రోజూ సాయంత్రం బకెట్టు నింపి, పైన పళ్లెం మూతపెట్టి, దాని పక్కనే కాపలా కూర్చునేదాన్ని. నీళ్లు కాసేపే వచ్చే బిల్డింగు మాది. అయినా ఆ బకెట్టు జోలికి ఎవరూ వచ్చేవారు కాదు. అమ్మ కూడా ఏమీ అనేది కాదు. ఒక ఆడమనిషికి మొగుడు పోతే గుండెలు బాదుకుని ఏడ్చే వీలు లేదు. ఆమె కూతురికి ఎదురుచూపు మానుకునే వీలు లేదు. ఒకే గదిలో మా ఇద్దరి బతుకూ అట్లా ఉండేది.

ఇది రోజూ చూస్తున్న మనిషి పక్కింటి అక్క. ఒకరోజు పొద్దున్నే వచ్చి, "పరీక్షున్నది, ఒక్కదాన్నే సదివితె నిద్రొస్తున్నది. నువ్వు జర తోడు కూసో" అని నన్ను మేడ మీదికి రమ్మంది. అమ్మకు కాసేపు ఏడ్చుకునే సందు దొరుకుతుందని చేసిన ఉపాయం అది. అమ్మ దగ్గర ఒక పాత చీర, పనిలో మిగిలిన రంగురాళ్లు గుప్పెడు అడిగి తెచ్చుకుంది.

నీళ్ల ట్యాంకు నీడలో చీరను ఈ కొస నుంచి ఆ కొసకు పొడుగ్గా పరిచాం. అక్క లోపలి కొస మీద కూర్చుని, "ఇగో, ఇది భూమి పుట్టిన రోజు. ఆ కొంగు సివరున్న పోగు ఈ పొద్దు. నడుమ నాలుగువందల అరవై కోట్ల ఏండ్లు" అంది. నాకు కోటి అంటేనే తెలియదు. అయినా చీర తెలుసు కాబట్టి సరేనన్నాను.

మొదట్లో ఏమీ లేదు. అంతా నిప్పు, కరిగిన రాయి. బారెడు కూడా పోకముందే అక్క ఒక నలుసంత రాయి పెట్టించింది. నీళ్లలో పుట్టిన మొదటి ప్రాణి అదేనట, కంటికి ఆనదట. ఆ తర్వాత ఎంత నడిచినా అవే. నడుము చుట్టూ తిరిగే బట్టంతా, కుచ్చిళ్లు పోసే బట్టంతా ఆ కంటికి ఆనని ప్రాణులదే. నాకు విసుగొచ్చి, "గింత చీర దండగ" అన్నాను. అక్క నవ్వి, నడిమధ్య దగ్గర చేయి పెట్టింది. ఆ పాకుడులాంటి జీవులే సముద్రంలో కూర్చుని గాలిని మార్చేశాయనీ, మనం పీల్చే ప్రాణవాయువు వాటి పుణ్యమేననీ చెప్పింది.

"దవాఖానల బాపుకు పెట్టిన గాలేనా?" అని అడిగాను. మామ ఫోన్లో అమ్మతో అంటుంటే విన్న మాట అది. అక్క కొంగు వైపు చూస్తూ, "అదేరా" అంది.

చీర అంతా అయిపోవస్తుంటే, మూరన్నర కొంగు మిగిలిన దగ్గర ఒక్కసారిగా రాళ్లన్నీ కావలసివచ్చాయి. కంటికి కనిపించే జీవాలు దాదాపు అన్నీ కొంగులోనే ఉన్నాయి. ముందు సముద్రంలో పెంకు పురుగులు. వీపు మూడు పాయలుగా, మెట్లు మెట్లుగా ఉండే ఒక పురుగు బొమ్మను అక్క ఫోన్లో చూపించింది. ట్రైలోబైట్ అట. నాకు నోరు తిరగలేదు కానీ అది నాకు తెగ నచ్చేసింది. ఎర్ర రాళ్లన్నీ దానికే ఇచ్చేశాను. తర్వాత చేపలు, ఒడ్డుకెక్కిన మొక్కలు, ఎగిరే పురుగులు, నేల మీదికి పాకిన నాలుగు కాళ్లవి. ఒక్కొక్కటి వస్తున్నా నా ఎర్ర రాళ్లు మాత్రం పక్కపక్కనే సాగుతూ వచ్చాయి. కొంగు రంగురంగులుగా నిండిపోయింది. అన్ని రోజుల తర్వాత నేను గట్టిగా నవ్వానట ఆ పూట, కింద గదిలో ఉన్న అమ్మకు వినిపించిందట.

కొస ఇంకా జానెడు పైచిలుకు ఉందనగా అక్క అరచేత్తో రాళ్లను పక్కకు తుడిచేసింది. పదింట తొమ్మిది పోయాయి. అక్కడక్కడా ఒకటీ అరా మిగిలాయి.

నాకు ఒళ్లు మండిపోయింది. "ఎందుకు ఖరాబు జేసినవ్?" అని అరిచాను.

"నేను జెయ్యలేదురా, గట్లనే అయింది" అని అక్క చెప్పుకొచ్చింది. భూమి బద్దలై కొండలకొద్దీ నిప్పు పొంగిందట. సముద్రాలు వేడెక్కి నీళ్లలో గాలి చాలక ఊపిరాడలేదట. చాలా మటుకు జీవాలు మిగల్లేదట. మిగిలిన ఆ కొద్ది వాటి నుంచే రాక్షసబల్లులు, పక్షులు, మనం, అందరం వచ్చామట. ఆ తర్వాత రాక్షసబల్లుల్ని పేర్చింది. కొసకు నాలుగు వేళ్ల దూరంలో వాటినీ తుడిచింది. నేను అవేవీ పట్టించుకోలేదు. తుడిచిన రాళ్లలోంచి ఎర్రవి ఏరుకుని గుప్పిట్లో పెట్టుకుని, వాటిని మళ్లీ ఎక్కడ పెట్టాలో చెప్పమని కూర్చున్నాను.

"అవి ఇగ లేవు. ఆ తర్వాత ఏర్పడ్డ పై రాళ్లల్ల ఏడ తవ్వినా దొరకలే" అంది.

"తర్వాత వస్తయేమో."

"రావు."

నేను నేతపనివాడి కూతుర్ని. తెగడం అంటే నాకు తెలుసు, తెగితే ఏం చేయాలో కూడా తెలుసు. కార్ఖానాకు అన్నం తీసుకెళ్లినప్పుడు ఎన్నిసార్లు చూశానో. నడుస్తున్న మగ్గంలో పోగు తెగితే మగ్గం ఆగుతుంది, బాపు వంగి రెండు కొసలూ వెతికి పట్టుకుని, వేళ్లు కనిపించనంత వేగంగా ముడి వేసి, మళ్లీ మగ్గం నడిపేవాడు. తెగినదేదైనా అతుక్కుంటుందనే నా నమ్మకం. అందుకే, "తెగితే అతుకుతరు గదక్కా. బాపు అతుకుతడు" అని వాదానికి దిగాను.

అక్క కూడా మగ్గాల చప్పుడులో పెరిగిన పిల్లే. ఇంకొకరైతే ఏదో ఒకటి చెప్పి నోరు మూయించేవారు. అక్క నా గుప్పిట విప్పి ఆ రాళ్లను చూస్తూ, "అతకాలంటె రెండు కొసలుండాలె గదరా" అంది. "ఇవతలి కొస నీ చేతుల ఉన్నది. అవతలి కొసే లేదు. ఇంకేడ ముడేస్తవ్?"

"కొస దొరకకపోతె బాపు వేరే పోగు తెచ్చి ఏస్తడు."

"ఏస్తడు. బట్ట ఆగది. కానీ అది వేరే పోగే. పాతది గాదు."

మెడ మీద ఎండ చురుక్కుమంటోంది. ఎందుకో తెలియదు, ఆ క్షణంలో నాకు బాపు ఫోను గుర్తొచ్చింది. ఊళ్లో ఉన్న మనిషి ఆ ఫోనుకు చేసి ఒక్కసారైనా నాతో మాట్లాడడా? నాయినమ్మ ఫోన్ ఎత్తిన ప్రతిసారీ పడుకునే ఉంటాడా? "మనుషులు గూడ గంతేనా అక్కా? రారా?" అని అడిగాను. అక్క చీర మడతపెట్టడం మొదలుపెట్టింది. నాకు చెప్పనని అమ్మకు ఇచ్చిన మాట ఒకపక్క, ఎదురుగా నేను ఒకపక్క. చివరికి చీర అట్లాగే వదిలేసి, "నేను అబద్ధం జెప్పలేను బిడ్డా. దా, అమ్మను అడుగుదాం. నేనుంట నీతోని" అంది.

అమ్మ చీర ముందేసుకుని కూర్చుని ఉంది. నేను ఎదురుగా నిలబడి, "బాపు రాడు గదమ్మా" అన్నాను. అమ్మ ముందు నా ముఖం చూసింది, తర్వాత నా వెనక నిలబడ్డ అక్క ముఖం చూసింది. "నీ సదువు మన్నువడ! పసిపిల్లకు గీ మాటలు జెప్పెతందుకేనా నిన్ను నమ్మి పంపింది?" అని లేచింది. కొడుతుందేమో అనుకున్నాను. అక్క ఒక్క అడుగు కూడా వెనక్కి వేయలేదు. ఆ లేచిన మనిషి లేచినట్టే కూలబడిపోయి, నన్ను లాక్కుని, ఏడ్చింది. ఏడుపు అంటే మామూలు ఏడుపు కాదు. బాపు పేరు పెట్టి పిలుస్తూ, నన్నిట్ల నడి బజార్ల ఇడిసిపోతివి గద అని నేలను చరుస్తూ, బిల్డింగు మూడంతస్తులకూ వినిపించేట్టు ఏడ్చింది. రోగం భయంతో నెలలుగా ఒకరి గడప ఒకరు తొక్కని ఆడవాళ్లు ఆ ఏడుపు విని మెట్లెక్కి వచ్చారు. ఎవరి మాస్కు వాళ్లు వేసుకుని గుమ్మం దగ్గరే నిలబడి ఏడ్చారు. ఎవరూ ఊరుకోమనలేదు. నాయినమ్మకు ఫోన్ చేస్తే ఆమె కూడా అటువైపు నుంచి ఏడ్చింది. ఆ సాయంత్రం నేను బకెట్టు నింపలేదు.

మామకు తెలిసి పరుగెత్తుకొచ్చి అక్కను నానా మాటలూ అన్నాడు. గల్లీలో కూడా కొన్నాళ్లు అక్కను మంచి కళ్లతో చూడలేదు. అమ్మ మాత్రం మర్నాడే గిన్నెలో పప్పు పోసుకుని వాళ్ల గదికి వెళ్లింది. ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. వచ్చాక చాలాసేపు పడుకుంది. బాపు పోయాక పగటిపూట ఆమె కళ్లు మూసుకోవడం అదే మొదటిసారి.

నాకు మాత్రం ఒక దిగులు పట్టుకుంది. ఆ చీరలో బాపు ఎక్కడున్నాడు? ఎర్ర పురుగులకు అంత చోటు ఉంది, ఆయనకు లేదా? అక్కను అడిగితే చీర మళ్లీ తెచ్చి, కొంగు చివరి అంచు నుంచి ఒకే ఒక్క పోగు గోటితో పైకి తీసి చూపించింది. "మొదటి మనిషి పుట్టినకాడి నుంచి ఈ పొద్దు దాక మనుషులంత ఈ ఒక్క పోగుల్నే. రాజులు, బీదలు, మీ తాతలు, మా తాతలు. బాపు, నువ్వు, అమ్మ, నేను. ఎవలకు ఎవలం దూరం గాదు." నేను ఆ పోగు చాలాసేపు పట్టుకుని కూర్చున్నాను. దాంతో దుఃఖం తగ్గిందా అంటే తగ్గలేదు, అబద్ధం చెప్పను. కానీ బాపు ఎక్కడని వెతుక్కోవడం మాత్రం ఆగింది.

తర్వాత అమ్మ బట్టలు మడతపెట్టే పనికి కుదిరి నన్ను చదివించింది. నేను రాళ్ల చదువు చదవలేదు, అంత బుర్ర లేదు. అక్క ఏ దేశంలో కొండలు తవ్వుతోందో, అసలు ఉందో లేదో కూడా ఇప్పుడు తెలియదు. తలుచుకుంటే ఆమె మెట్లు దిగుతూ నా చేయి పట్టుకున్న తీరు గుర్తొస్తుంది. ఆ వయసుకు ఎంత ధైర్యం కావాలి!

పోయిన వానాకాలం మా ఆయన చనిపోయాడు. మనవరాలు చిన్నది. దాన్ని వెనక గుమ్మం నుంచి పక్కింటికి పంపేయమని కోడలు ఎవరితోనో అంటోంది. నేను అంత ఏడుపులోనూ లేచి, దాని చేయి పట్టుకుని ఆయన దగ్గరికి తీసుకెళ్లాను. "తాత సచ్చిపోయిండు బిడ్డా. ఇగ రాడు" అని చెప్పాను. అది ఆయన చేయి ముట్టుకుని, "చల్లగున్నది నానమ్మా" అని, నా ఒళ్లో పడి ఏడ్చింది. దాన్ని పట్టుకుని నేనూ ఏడ్చాను. ఏడ్చేటప్పుడు పక్కన ఇంకొక మనిషి ఉండటం ఎంత ఆసరానో నాకు అప్పుడు తెలిసింది. ఆ ఎండాకాలం మా అమ్మకు ఆ ఆసరా లేకుండా చేశారు, అందరూ కలిసి, నా మీద ప్రేమతోనే.